షినోదా తోకో బాటలో నలుపు తెలుపు బొమ్మ: ముందు నీళ్ల సంగతి చూసుకోండి

జపాన్ సిరా చిత్రకారిణి షినోదా తోకో బొమ్మలు చూసి మనసు పారేసుకుని, అలాంటిది తామూ ఒకటి వేద్దామనుకునేవాళ్లు ముందుగా కొనేది ఖరీదైన బ్రష్షు. నన్నడిగితే ఆ డబ్బు కాగితం మీద పెట్టమంటాను. సిరా నల్లగా ఉండటానికి మనం పెద్దగా చేయాల్సిందేమీ లేదు, అందులో ఉండే మసి ఎలాగూ నల్లగానే ఉంటుంది. దాన్ని మోసుకెళ్లే నీరు ఎంత, ఎక్కడ, ఎంతసేపు అన్నదే మన పని. కింద చెప్పేదంతా ఒక రకంగా నీళ్ల లెక్కే.

ఆమె గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 1913లో చైనాలోని దాలియన్‌లో పుట్టారు, పెరిగింది టోక్యోలో. 2021 మార్చిలో, 107 ఏళ్ల వయసులో పోయారు. చిన్నప్పుడు తండ్రి దగ్గర బ్రష్షుతో అక్షరాలు దిద్దారు. పెద్దయ్యాక మెల్లగా అక్షరాన్ని వదిలేసి గీతను మాత్రం ఉంచుకున్నారు. 1954లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ జపాన్ లిపికళ మీద పెట్టిన ప్రదర్శనలో ఆమె పని కూడా ఉంది. 1956లో తనే అమెరికా వెళ్లి రెండేళ్లు ఉన్నారు. నైరూప్య చిత్రకళ అక్కడ మంచి ఊపు మీద ఉన్న రోజులవి. అయినా అక్కడి గాలి తన సిరాకు పడలేదని, పొడిగాలికి సిరా కాగితంలోకి దిగకముందే ఆరిపోయేదని ఆమె చెప్పేవారు. గాలిలో తేమ కూడా ఈ పనిలో ఒక సామగ్రే అని నాకు తెలిసింది ఆ మాట వల్లే.

నేనుండేది జపాన్‌లోని గిఫూ ప్రిఫెక్చర్‌లో, అంటే మన రాష్ట్రం లాంటిది. ఇక్కడి సెకి ఊరు పేరు చెబితే జపాన్‌లో అందరికీ కత్తులు గుర్తొస్తాయి. ఆ ఊళ్లోనే గిఫూ కలెక్షన్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్స్ అనే మ్యూజియంలో ఆమె బొమ్మలున్నాయి. వీలైతే బ్రష్షు పట్టుకునే ముందు అసలు బొమ్మ ఒక్కటైనా చూడండి. ఫోన్‌లో అన్ని నలుపులూ ఒకే నలుపైపోతాయి. వెళ్లినప్పుడు దూరం నుంచి మొత్తం చూడటం ఎలాగూ చేస్తారు, ఆ తర్వాత దగ్గరికెళ్లి ఒక గీత అంచును మాత్రం చూడండి. అంచు కత్తితో కోసినట్టు ఉందా, బూజు పట్టినట్టు మెత్తగా ఉందా? గీత మొదలైన చోట ముదురా, ఆగిన చోట ముదురా? మధ్యలో కాగితం పీచు కనబడుతోందా? ఇవి గమనిస్తే ఆ గీత ఎంత వేగంగా పడిందో, బ్రష్షులో నీళ్లెంత ఉన్నాయో మీకే తెలిసిపోతుంది. చిన్న జాగ్రత్త: బయట ఎక్కువగా కనిపించేవి ఆమె లితోగ్రాఫులు, అంటే రాతి పలక లాంటిదాని మీద బొమ్మ వేసి తీసిన అచ్చులు. టోక్యోలో కిమురా కిహాచి అనే ముద్రణ నిపుణుడితో కలిసి ఏళ్ల తరబడి చేశారు. వాటిలో కొన్నింటి మీద అచ్చయ్యాక చేత్తో ఒక గీత కలిపేవారు. అలాంటిది దొరికితే అచ్చు గీతనూ చేతి గీతనూ పక్కపక్కనే పోల్చుకోవచ్చు.

సిరా

సీసాలో వచ్చే ద్రవ సిరా, బోకుజూ, 100 యెన్ షాపులో కూడా ఉంటుంది. చేయి తిరగడానికి అది చాలు. కానీ నీళ్లు కలిపి పల్చన చేశామంటే దాని అసలు రంగు బయటపడుతుంది. చవక రకాల్లో చాలావాటికి రెసిన్ అనే కృత్రిమ జిగురు కలుపుతారు కాబట్టి ఆ బూడిద రంగు చదునుగా, ఒక పూత పూసినట్టు ఉంటుంది. లోతుండదు. రెండు మూడు వేల యెన్లలో వాడదగ్గ సుమి కడ్డీ, అంటే నీళ్లతో అరగదీసుకునే గట్టి సిరా కడ్డీ, దొరుకుతుంది, ఒక్కటి కొంటే చాలాకాలం వస్తుంది.

జపాన్‌లో కడ్డీలకు పేరు నారా నగరానిదే. అక్కడి కోబైఎన్ అనే సంస్థ 1577 నుంచి ఇదే పని చేస్తోంది. దీపాలు వెలిగించి, పైన మూత పెట్టి, దానికి పట్టిన మసిని తీస్తారు. మనవాళ్లు కాటుక పట్టినట్టే. ఆ మసిలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన నికావా అనే జిగురు కలిపి, పిసికి, అచ్చుల్లో నొక్కి ఆరబెడతారు. వేడికి జిగురు చెడుతుంది కాబట్టి ఈ పనంతా చలికాలంలోనే. నూనె మసి కడ్డీ పల్చన చేస్తే కాస్త గోధుమ వైపు, పైన్ కట్టె మసి కడ్డీ నీలం వైపు మొగ్గుతాయి. ముదురుగా వాడినంతసేపూ ఈ తేడా పెద్దగా కనబడదు. నీళ్లు పడితే చాలు, ఏది ఏదో చెప్పేస్తుంది. నన్నడిగితే మొదటి కడ్డీగా పైన్ మసిది కొనండి. ఆ నీలి బూడిద రంగుకు తెల్ల కాగితం ఇంకా తెల్లగా కనబడుతుంది.

అరగదీయడానికి సుజురి అనే సాన కావాలి. దాని మీద మెరక భాగం ఒకటి, పల్లం ఒకటి ఉంటాయి. మెరక మీద అర చెంచా నీళ్లు వేసి, కడ్డీని కొంచెం వాల్చి పట్టుకుని, గుండ్రంగా తిప్పుతూ అరగదీయాలి. బరువు వేయకూడదు. తొందరపడి నొక్కితే మసి రవ్వలు రవ్వలుగా ఊడి సిరా గరుకవుతుంది. చలికాలమైతే గోరువెచ్చని నీళ్లు వాడండి, చల్లటి నీళ్లలో నికావా బిర్రబిగుసుకుంటుంది. చిక్కబడిందని ఎలా తెలుస్తుందంటే, కడ్డీ వెళ్లిన దారి వెంటనే మూసుకోకుండా రాయి ఒక క్షణం కనబడాలి. అప్పుడు పల్లంలోకి తోసి, మళ్లీ నాలుగు చుక్కలు వేసుకుని మొదలుపెట్టాలి. పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. మా సెన్సే, అంటే గురువుగారు, ఆ సేపంతా ఎదురుగా ఉన్న ఖాళీ కాగితాన్నే చూస్తూ ఉండమంటారు. మొదట్లో ఇదేదో ధ్యానం గోల అనుకున్నాను గానీ, గీత ఎక్కడ పడాలో సగం అప్పుడే తేలిపోతుంది.

పల్చటి సిరా కావాలంటే కాసేపే అరగదీస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. పూర్తిగా చిక్కగా తీసుకున్నాకే నీళ్లు కలపాలి, అప్పుడే మసి సన్నగా, సమంగా విడుతుంది. తెల్ల పింగాణీ గిన్నెలు మూడు పెట్టుకోండి. ఒకదాంట్లో సాన మీద నుంచి తీసిన చిక్కటి సిరా. రెండోదాంట్లో నీళ్లు పోసి, చిక్కటి సిరా చుక్క చుక్కగా కలుపుతూ మధ్య రకం. మూడోదాంట్లో 'ఇందులో రంగుందా?' అని అనుమానం వచ్చేంత పల్చన. నీళ్లలో సిరా వేయాలి గానీ సిరాలో నీళ్లు పోయకూడదు, పోస్తే ఎక్కడ ఆపాలో తెలియక గిన్నె నిండిపోతుంది.

రాత్రి మిగిలిన సిరాను పారబోయమనే చాలామంది చెబుతారు. నిల్వ ఉంటే జిగురు విరిగి మసి కణాలు ఒకచోట చేరతాయి, అక్షరాలు రాసేవాళ్లకు అది పనికిరాదు. బొమ్మకైతే మర్నాడు దాన్ని నీళ్లతో కలిపి ఒకసారి వేసి చూడండి. మసి ఒకచోట ఆగి, నీరు ఒక్కటే ముందుకు పాకి, గీత చుట్టూ వింత అంచులు వస్తాయి. వాసన వస్తే మాత్రం పారబోయాల్సిందే.

కాగితం, గాలి

కాగితంలో మనకు తెలియాల్సింది ఒక్కటే, అది నీటిని తాగుతుందా లేదా. పటిక, జిగురు నీళ్లు పూసిన కాగితం మీద సిరా పైనే నిలబడుతుంది. ఏమీ పూయని కాగితం మీద లోపలికి దిగి పక్కలకు పాకుతుంది. ఈ తరహా బొమ్మకు రెండోది కావాలి. దుకాణంలో గాసెన్షి అని అడగండి. నమూనా ముక్క ఇస్తే మూల మీద ఒక నీటి చుక్క పెట్టి చూడండి, వెంటనే పీల్చుకుంటే అది మనదే. హన్షి అనే చిన్న సైజు, సుమారు 24 బై 33 సెంటీమీటర్లు, సాధనకు బాగుంటుంది. టోక్యోలోని జోజోజి ఆలయానికి 1974లో ఆమె వేసింది 29 మీటర్ల పొడవైన బొమ్మ. దాని ఫొటో చూసి ఉత్సాహంతో మొదటి రోజే చాపంత కాగితం పరుచుకోకండి. పెద్ద కాగితానికి పెద్ద బ్రష్షు, దానికి బోలెడంత సిరా, దానికి గంటసేపు అరగదీత, అక్కడికే చేయి పడిపోతుంది.

కాగితంలో నునుపుగా ఉన్నది ముందువైపు. కింద ఉన్ని ఫెల్టు పరవాలి. ఫెల్టు లేకుండా బల్ల మీదే వేస్తే నీరు కింద చిక్కుకుని, బొమ్మ అడుగున మరకలు కడుతుంది. పైన బరువుకు బుంచిన్ అనే ఇనప కడ్డీ పెడితే చాలు, నాలుగు వైపులా బిగించకండి. తడిసిన కాగితం సాగుతుంది, దానికి చోటు కావాలి.

ఇక గాలి. ఇక్కడ జూన్, జూలైలలో త్సుయు వానాకాలం. గోడలకు కూడా చెమట పడుతుంది. అప్పుడు వేసిన గీత మనం చూస్తుండగానే ఒళ్లు చేస్తుంది. అదే బ్రష్షు, అదే సిరా జనవరిలో హీటర్ వేసిన గదిలో వాడితే గీత సన్నబడి, చివర్లో బ్రష్షు వెంట్రుకల చారలు తేలతాయి. రెండూ మంచివే, కాకపోతే ఏది కావాలో అనుకుని కూర్చోవాలి. చలికాలంలో సిరా పాకాలంటే కాగితం వెనకవైపు సన్నటి తుంపర కొట్టి, ఒక నిమిషం ఆగి మొదలుపెట్టండి. వానాకాలంలో పాకకూడదంటే బ్రష్షును గిన్నె అంచుకు రెండుసార్లు ఎక్కువ ఒత్తండి. ఏ కాలమైనా ఏసీ గాలి కాగితానికి నేరుగా తగలకూడదు. ఒక పక్క ముందు ఆరిపోతే ఆ పక్క గీత బిగుసుకుపోతుంది.

బ్రష్షు గురించి క్లుప్తంగా: మేక వెంట్రుకల వెడల్పాటి హాకే ఒకటి, గుర్రపు వెంట్రుకల గుండ్రటి బ్రష్షు ఒకటి. మేకది నీరు బాగా పట్టుకుంటుంది, గుర్రానిది కాస్త బిరుసు. హిరోషిమా ప్రిఫెక్చర్‌లోని కుమానో ఊరి సరుకైతే కళ్లు మూసుకుని కొనొచ్చు.

గీత

జపనీస్‌లో నదికి రాసే అక్షరం మూడు నిలువు గీతలు. చిన్నప్పుడు ఆ మూడు గీతలతో ఆగబుద్ధి కాక ఇంకా గీయాలనిపించేదని షినోదా చెప్పుకున్నారు. మనం కూడా అక్కడి నుంచే మొదలుపెడదాం. హన్షి మీద మూడు నిలువు గీతలు వేయండి. తర్వాతి కాగితం మీద నదిని మర్చిపోండి, గీతలు మాత్రం ఉంచండి. ఒకటి పొట్టిగా, ఒకటి కాగితం అంచు దాటిపోయేలా, రెండింటి మధ్య ఎడం వేలెడు, మూడోది జానెడు దూరంలో. ఎడాలు సమానంగా ఉంటే అది కిటికీ ఊచల్లా తయారవుతుంది, ఎంత మంచి సిరా పోసినా బతకదు.

గీత ఒక్క ఊపులో పడాలి, దిద్దడం ఉండదు. నిలబడి వేయండి. చేయి మణికట్టు నుంచి కాకుండా భుజం నుంచి కదలాలి. వేగాన్ని బట్టే గీత స్వభావం. మెల్లగా లాగితే సిరా పక్కలకు పాకి అంచు మెత్తబడుతుంది, దాన్ని ఇక్కడ నిజిమి అంటారు. విసురుగా లాగితే వెంట్రుకలు విడిపోయి మధ్యలో కాగితం మెరుస్తుంది, అది కాసురే. ఒకే గీతలో రెండూ తీసుకురావడం అసలైన సరదా. మొదట్లో ఊపిరి పీల్చుకునేంతసేపు ఆగి, అక్కడ సిరా మడుగు కట్టనిచ్చి, తర్వాత ఒక్కసారిగా లాగేయాలి. చివర బ్రష్షును ఎత్తకుండా అలా ఉంచేస్తే అక్కడ నల్లటి గడ్డ మిగులుతుంది, కావాలనుకుంటే తప్ప ఉంచకండి.

ముందుగా పెన్సిల్‌తో గీసుకోవద్దు. పల్చటి సిరా కింద నుంచి ఆ గీత కనబడుతూనే ఉంటుంది. దానికి బదులు నేను చేసేది ఇది: పనికిరాని పాత కాగితాల్లోంచి నల్లటి భాగాలు కత్తిరించి పట్టీలుగా దాచుకుంటాను. ఖాళీ కాగితం మీద వాటిని పేర్చి, జరిపి, నిలబడి చూసి, బాగుందనిపిస్తే ఫోన్‌లో ఫొటో తీసుకుంటాను. పట్టీలు తీసేసి, ఫొటో మళ్లీ చూడకుండానే వేస్తాను. ఎడాలు గుర్తుంటాయి, వివరాలు గుర్తుండవు. నాకు కావాల్సిందీ అంతే.

పల్చటి సిరాతో ఒక తమాషా ఉంది, తప్పకుండా చేసి చూడాలి. మూడో గిన్నెలోంచి ఒక అడ్డ గీత వేయండి. అది ఇంకా చెమ్మగా ఉండగానే అదే సిరాతో దాన్ని దాటుకుంటూ ఒక నిలువు గీత లాగండి. రెండోది పైన పడింది కాబట్టి అదే ముందుకు కనబడాలి కదా? ఆరాక చూస్తే మొదట వేసిన అడ్డ గీతే ముందుంటుంది, నిలువు గీత దాని వెనక నుంచి దూరి వెళ్లినట్టుంటుంది. మొదటి గీత పీచులో చోటంతా ముందే ఆక్రమించింది, తర్వాత వచ్చిన మసికి అక్కడ దిగడానికి చోటు లేదు. అందుకే పల్చటి సిరాతో వేసేటప్పుడు వరస తిరగేసుకోవాలి. కంటికి ముందు కనబడాల్సినదాన్ని ముందే వేసేయాలి, వెనక పొరలు తర్వాత. నూనె రంగులకు అలవాటుపడ్డ చేతికి ఇది అలవడటానికి కాస్త టైం పడుతుంది. సిరా మంచిదైతే ఇంకోటి కూడా కనిపిస్తుంది. బ్రష్షు నడిచిన దారి మధ్యలో కొంచెం ముదురు వెన్నులా నిలుస్తుంది, దాని చుట్టూ నీరు పాకిన మేర లేత నీడ ఉంటుంది. పాతబడ్డ కడ్డీల్లో ఇది ఇంకా స్పష్టంగా వస్తుంది, ఇక్కడి పాత దుకాణాల్లో వాటికి ధర పలకడానికి ఇదొక కారణం.

చిక్కటి నలుపును పల్చటిదాని మీద వేయాలంటే రెండు దారులు. కింది పొర తడిగా ఉండగానే ఒక చుక్క వదిలితే అది విచ్చుకుంటుంది, ఎంతవరకు అన్నది మీ చేతిలో ఉండదు. పూర్తిగా ఆరాక వేస్తే అంచు స్పష్టంగా నిలుస్తుంది. సగం ఆరినప్పుడు మాత్రం ముట్టుకోకండి, రెంటికీ చెడ్డ మరకలొస్తాయి.

తెలుపు విషయానికొస్తే, దాన్ని తర్వాత కలపలేం. తెల్ల రంగు పూసి సర్దితే ఆ చోటు అతుకులా కనబడిపోతుంది. ఎంత వదలాలో తేల్చుకోలేకపోతే పాతవాళ్లను చూడండి. టోక్యో నేషనల్ మ్యూజియంలో హసెగావా తోహాకు 16వ శతాబ్దంలో వేసిన పైన్ చెట్ల తెరలున్నాయి, అప్పుడప్పుడూ ప్రదర్శనకు పెడతారు. అందులో చెట్లకంటే పొగమంచే ఎక్కువ, ఆ పొగమంచంతా ఏమీ వేయని కాగితమే. మొదట్లో నాది మొరటు లెక్క: కాగితంలో సగానికి మించి సిరా తగలకూడదు. షినోదా బొమ్మల్లో కొన్నింటిలో నలుపు దాదాపు అంతా కమ్మేసి ఉంటుంది, నిజమే, కానీ అక్కడ మిగిలిన సన్నటి తెల్ల సందు చేసే పని చూస్తే ఆ లెక్క ఎప్పుడు పక్కన పెట్టాలో మీకే తెలుస్తుంది.

ఎర్ర గీత గురించి అందరూ అడుగుతారు. ఆమె బొమ్మల్లో సిందూరం రంగు సన్నటి గీత ఒకటి, వెండి, బంగారు పూతలు కనబడతాయి. అవి చూసి వెంటనే ఎర్ర సిరా కొనకండి. నలుపులో మూడు రకాలు పక్కపక్కన నిలబెట్టడం చేతికొచ్చాక చూద్దాం. అప్పటిదాకా కావాలంటే మూలలో ఎర్రటి ముద్ర వేసుకోండి, అది చాలు.

ఆరాక

తడి మీద ఉన్న బొమ్మను నమ్మొద్దు. ఆరితే పల్చటి భాగాలు ఇంకా లేతబడతాయి, ఏదో ఉందనుకున్న చోట ఏమీ మిగలకపోవచ్చు. అందుకే అదే రోజు చించేయకండి, మురిసిపోనూ వద్దు. హెయిర్ డ్రయర్ పెట్టకండి, నీరు దాని దారిన అది ఆగాలి. మర్నాడు పగటి వెలుతురులో గోడకు ఆనించి చూడండి. ముడతలు పడి ఉంటుంది, భయం లేదు.

ఈలోపు సామాన్లు. బ్రష్షు మొదలు దాకా కడిగి, మొన కిందికి ఉండేలా వేలాడదీయాలి. ద్రవ సిరా వాడిన రోజైతే ఇంకా జాగ్రత్త, రెసిన్ లోపల గట్టిపడితే ఆ బ్రష్షు మళ్లీ విచ్చుకోదు. సానను నీళ్లతోనే కడగాలి, సబ్బు వద్దు. కడ్డీ కొసను తుడిచి నీడలో పెట్టాలి, ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. సాన మీదే వదిలేస్తే జిగురుకు అతుక్కుపోయి, లాగితే రాయి పైపొర కూడా పెచ్చులూడుతుంది.

దాచుకోవాలనిపించిన బొమ్మకు వెనక ఇంకో కాగితం గోధుమ పిండి జిగురుతో అతికిస్తారు. ఈ పనిని ఉరాఉచి అంటారు, ముడతలన్నీ దీంతో పోతాయి. ఇంట్లోనూ చేయొచ్చు గానీ మొదటి బొమ్మను నేనైతే చేసేవాళ్లకే ఇస్తాను, ఫ్రేములు కట్టే దుకాణాల్లో చాలామంది తీసుకుంటారు. కనీసం ఒక వారమైనా ఆరనిచ్చాకే ఇవ్వండి. కొత్తగా వేసిన సిరా ఆ పిండి జిగురు తడికి మళ్లీ కదిలి తెల్ల భాగంలోకి బూడిద నీడలా పాకుతుంది. తీసుకునేవాళ్లు ఎప్పుడు వేశారు, కడ్డీ సిరానా సీసా సిరానా అని అడుగుతారు, దాన్ని బట్టి తడి ఎంత పెట్టాలో చూసుకుంటారు. కాబట్టి వేసిన రోజే కాగితం వెనక, మూలన, పెన్సిల్‌తో తేదీ, సిరా పేరు, ఏ గిన్నె ఎంత పల్చనో రాసి పెట్టుకోండి.